బోధనే సాధన: బి.కె.ఎస్. అయ్యంగార్ యోగప్రస్థానం

తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో మానవుడు ఆచరించవలసిన ధర్మాలను వరుసగా చెప్పే అనువాకం ఒకటి ఉన్నది. ఋతం, సత్యం, తపస్సు, దమం, శమం, అగ్నిహోత్రం, అతిథిసేవ, సంతానం అంటూ ఒక్కొక్కదానిని పేర్కొని, ప్రతిదాని పక్కనా స్వాధ్యాయ ప్రవచనాలను, అనగా తాను అధ్యయనం చేయడాన్ని, ఇతరులకు బోధించడాన్ని, విడువక చేర్చి చెబుతుంది. అనువాకం చివర ముగ్గురు ఋషుల మతాలు కనిపిస్తాయి. ఒకరికి సత్యమే ప్రధానం, మరొకరికి తపస్సు. నాకుడనే మౌద్గల్యుడు మాత్రం అధ్యయనం, బోధన ఈ రెండే ముఖ్యమని, అవే తపస్సని తేల్చి చెప్పాడు. మన ఆలయంలో ఉపనిషత్పాఠాలు విన్న పాఠకులకు ఈ ప్రస్తావన కొత్తది కాదు. అయితే దానిని వేదవిద్యకు మాత్రమే సంబంధించిన మాటగా భావించి పక్కన పెట్టడం మనలో చాలామందికి అలవాటు. మౌద్గల్యుని పక్షానికి ఇరవయ్యో శతాబ్దంలో నిలువెత్తు సాక్ష్యంగా నిలిచిన ఒక జీవితాన్ని ఈ వార్షికోత్సవ సంచికలో మీ ముందుంచుతున్నాను.

అందుకు దగ్గరి కారణం కూడా ఒకటి ఉన్నది. 2015 నుండి ఏటా జూన్ 21న అంతర్జాతీయ యోగ దినోత్సవం జరుగుతున్నది. ఆ రోజు సమీపించేసరికి ఆలయ మందిరంలో తరగతి ఎవరు నడపాలన్న ప్రశ్న తలెత్తుతుంది. చిన్ననాట ఇంట్లోనో పాఠశాలలోనో ఆసనాలు నేర్చినవారు మనలో పలువురున్నారు. అడిగితే మాత్రం వారి సమాధానం ఒక్కటే: "నాకే పూర్తిగా రాదండీ, ఇంకొకరికి ఏం నేర్పగలను?" ఆ వినయం మెచ్చదగినదే. కాని పూర్తిగా వచ్చాకనే నేర్పాలన్న నియమం పెట్టుకుని ఉంటే, ఈనాడు లండన్ నుండి లాస్ ఏంజెలెస్ దాకా వ్యాపించిన యోగబోధలో ఎంతో భాగం పుట్టి ఉండేదే కాదు. ఈ మాట ఎందుకంటున్నానో మైసూరు నుండి మొదలుపెడితే గాని బోధపడదు.

తిరుమలై కృష్ణమాచార్యులు 1888లో జన్మించారు. కాశిలో శాస్త్రాలు చదివి, ఆపై హిమాలయాల కావల మానససరోవర ప్రాంతంలో రామమోహన బ్రహ్మచారి అనే గురువు వద్ద ఏడు సంవత్సరాలకు పైగా యోగం అభ్యసించారని సంప్రదాయం చెబుతున్నది. విద్య ముగిశాక శిష్యుడు దక్షిణ ఏమి ఇవ్వాలని అడిగితే, గురువు ధనం కోరలేదట. ఇంటికి వెళ్ళి వివాహం చేసుకుని, గృహస్థుగా జీవిస్తూ యోగం బోధించమన్నారట. అంతటి పండితునికి అది తేలికైన ఆజ్ఞ కాదు. ఆ రోజులలో యోగం నేర్పేవానికి జీతమిచ్చేవారు లేరు. ఆచార్యులవారు కొంతకాలం కాఫీ తోటలో ఉద్యోగం చేసి కుటుంబాన్ని పోషించారు. మైసూరు మహారాజు నాలుగవ కృష్ణరాజ ఒడెయరు ఆదరణతో 1933లో జగన్మోహన ప్రాసాదంలో యోగశాల ఏర్పడిన తరువాత గాని గురుదక్షిణ తీర్చుకునే అవకాశం ఆయనకు నిండుగా లభించలేదు.

1934లో ఆచార్యులవారు బొంబాయి వైపు ప్రయాణమై వెళుతూ, తాను తిరిగివచ్చే వరకు మైసూరులో తన భార్యకు తోడుగా ఉండమని తన బావమరదిని రమ్మన్నారు. ఆ బాలుడే బెళ్ళూరు కృష్ణమాచార్ సుందరరాజ అయ్యంగార్. ఆయన స్వగ్రామమైన బెళ్ళూరు కోలారు జిల్లాలోనిది. తెలుగు మాట ఇంటింటా వినిపించే సీమ అది. 1918 డిసెంబరు 14న, దేశమంతటా ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ప్రబలి ఉన్న రోజులలో, తల్లి ఆ జ్వరంతో బాధపడుతుండగా ఆయన పుట్టారు. ఉపాధ్యాయుడైన తండ్రి ఈయన తొమ్మిదవ ఏట గతించారు. మలేరియా, టైఫాయిడు, క్షయ ఒకదాని వెంట ఒకటి వచ్చి ఆ బాలుని పీల్చివేశాయి. కాళ్ళూ చేతులూ పుల్లల వలె సన్నబడి, తల పెద్దగా కనిపించేదట.

మైసూరులో అక్కగారింట ఆయనకు అబ్బినది ముఖ్యంగా ఇంటి పని, తోటకు నీరు పెట్టడం. బావగారు మహాకోపిష్టి. ఈ రోగిష్టి బాలునికి యోగం వస్తుందన్న ఆశ ఆయనకు లేదు. ఇంతలో శాలలోని ముఖ్య శిష్యుడొకరు చెప్పకుండా వెళ్ళిపోవడంతో, ముందే ఒప్పుకున్న ప్రదర్శనకు మరొకరు లేక, కొద్ది రోజులలోనే కఠినమైన ఆసనాలను అయ్యంగార్ చేత చేయించారు. సిద్ధంగా లేని శరీరం చేత హనుమానాసనం వేయించడంతో తొడ వెనుక కండరాలు చిరిగి, చాలాకాలం బాధ పెట్టాయి. గురువు తనకు స్వయంగా నేర్పినది మొత్తం మీద పది పదిహేను రోజులకు మించదని అయ్యంగార్ తరువాతి కాలంలో చెప్పుకున్నారు. గురుభక్తికి లోటు రానివ్వని మనిషి చెప్పిన లెక్క అది.

ఆ కొద్దిపాటి విద్యతోనే ఆయన ఉపాధ్యాయుడయ్యారు. 1936లో ఆచార్యులవారి బృందం ఉత్తర కర్ణాటకంలో పర్యటిస్తుండగా కొందరు స్త్రీలు యోగం నేర్చుకోవాలని కోరారు. పెద్ద శిష్యులు స్త్రీలకు నేర్పడం ఆ రోజులలో మర్యాద కాదు గనుక, వయసులో అందరికన్నా చిన్నవాడన్న ఒక్క అర్హతతో ఆ పని ఈయనకు అప్పగించారు. ఆ పర్యటనలోనే ఈ ప్రదర్శనలను చూసిన డాక్టర్ వి.బి. గోఖలే అనే సర్జన్, ఉద్యోగ విరమణ అనంతరం పుణెలోని డెక్కన్ జింఖానాకు యోగోపాధ్యాయుణ్ణి పంపమని ఆచార్యులవారిని కోరారు. ఇంగ్లీషు కాస్త వచ్చునన్న కారణంతో ఆ ఎంపికా అయ్యంగార్ మీదనే పడింది. 1937లో ఆరు నెలల ఒప్పందం మీద పుణె చేరేనాటికి ఆయన వయసు పద్దెనిమిది. మెట్రిక్యులేషనులో ఇంగ్లీషు తప్పిన విద్యార్థి. మరాఠీ ఒక్క ముక్క రాదు.

పాఠకులు ఈ దృశ్యాన్ని ఒకసారి ఊహించుకోవాలి. ఎదుట నిలబడినవారు కళాశాల విద్యార్థులు, వ్యాయామంతో దేహాలు గట్టిపడినవారు. పలువురు వయసులో పెద్దలు. వారి ముందు నిలిచిన గురువు బక్కపలుచని శిఖాధారి. నవ్వినవారున్నారు, పరిహసించినవారున్నారు. ఆయన చేయలేని ఆసనాలను కొందరు శిష్యులే సులువుగా చేసేవారు. ఎందుకలా, ఎలా అని వారడిగితే చెప్పడానికి తనకు తెలిసినదేమీ లేదు. మైసూరుకు తిరిగిపోదామంటే బావగారి కోపం ఉంది. అప్పుడు ఆ యువకుడు ఎంచుకున్న మార్గం ఒక్కటే: మరునాడు శిష్యులకు చెప్పవలసిన దానిని ఈ రోజు తన ఒంటి మీద పరీక్షించి తెలుసుకోవడం. రోజుకు పది గంటల దాకా అభ్యాసం చేసేవారు. తిండికి డబ్బు లేక రెండు మూడు రోజులకొకసారి అన్నం తిని, మిగిలిన పూటలు కుళాయి నీటితో గడిపిన కాలమది. రోడ్లు వేయడానికి పేర్చిన రాళ్ళ మీద, ఇటుకల మీద వెన్ను వాల్చి ఏ భాగం ఎక్కడ బిగుసుకున్నదో, ఎక్కడ వదులవుతున్నదో గమనించుకునేవారు. నేడు ప్రపంచమంతటా యోగశాలలలో కనిపించే చెక్క దిమ్మెలు, పట్టీలు, దిండ్లు, గోడ త్రాళ్ళ వెనుక ఉన్నది ఆ అన్వేషణే. తనకు సాధ్యమైనది ఎదుటివారికి సాధ్యం కానప్పుడు, తప్పు వారిది కాదని, ఆసరా కల్పించవలసిన బాధ్యత తనదని ఆయన గ్రహించారు.

నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికీ ఇదే కీలకం. గురువు నోట వినక విడిచిపోయిన విద్యను ఆయన శిష్యుల దేహాలలో చదువుకున్నారు. ఒకరి మోకాలు వంగదు, ఒకరి భుజం లేవదు, ఒకరికి ఊపిరి అందదు. ప్రతి ఒక్కరూ ఆయనకు ఒక కొత్త పాఠం. బోధించవలసిన అగత్యం లేకుండా, మైసూరులోనే నీరు తోడుతూ ఉండిపోయి ఉంటే, తన జబ్బులు కొంత నయం చేసుకుని ఊరుకునేవారేమో. అలాగని అరకొర జ్ఞానంతో ఎవరైనా గురుపీఠం ఎక్కవచ్చునని నా భావం కాదు. చిరిగిన కండరాల బాధ తాను పడినందువల్లనే మరొకరి దేహానికి హాని చేయరాదన్న భయం ఆయనలో చివరిదాకా మిగిలింది. నేర్పడానికి వెనుకాడలేదు గాని, నేర్పే ముందు పరిశ్రమించడం ఒక్కనాడూ మానలేదు.

1943లో రమామణి గారితో వివాహం జరిగింది. సంసారం పేదరికంలోనే మొదలైంది. ఆమెకు యోగమంటే ఏమిటో తెలియదు. ఆయనే ఆమెకు నేర్పి, ఆ తరువాత తన ఆసనంలో దోషమెక్కడున్నదో చూసి చెప్పమని ఆమెనే కోరేవారు. అలా శిష్యురాలే పరీక్షకురాలైంది. క్రమంగా పుణెలో పేరు వ్యాపించి, 1948లో జిడ్డు కృష్ణమూర్తి గారు ఆయన వద్ద నేర్చుకోవడం ప్రారంభించారు. మదనపల్లెలో తెలుగు కుటుంబాన పుట్టి, గురువన్న భావననే ప్రపంచమంతటా తిరిగి ఖండించిన తత్త్వవేత్త, ఆసనాల విషయంలో మాత్రం చదువు అంతంతమాత్రమైన ఈ యువకుడు చెప్పినట్లు చేశారు. కృష్ణమూర్తి గారిని అభిమానించే మిత్రులు ఈ ముచ్చటను అంతగా ప్రస్తావించరు. నాకు మాత్రం అది ఇద్దరికీ గౌరవం తెచ్చే విషయంగానే తోస్తుంది.

1952లో సుప్రసిద్ధ వాయులీన విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ భారతదేశ పర్యటనకు వచ్చారు. ఎడతెగని కచేరీలతో అలసి, నిద్రపట్టక బాధపడుతున్న ఆయన బొంబాయిలో అయ్యంగార్‌కు ఇచ్చిన సమయం అయిదు నిమిషాలు. అయ్యంగార్ ఆయనను పడుకోబెట్టి, కన్నులూ చెవులూ వేళ్ళతో మృదువుగా మూసి విశ్రాంతి కల్పించగా, ఆ మహావాద్యకారుడు గాఢనిద్రలోకి జారుకున్నారు. అయిదు నిమిషాల భేటీ గంటల తరబడి సాగింది. రెండేళ్ళ తరువాత, 1954లో, మెనూహిన్ ఆహ్వానం మీదనే అయ్యంగార్ స్విట్జర్లాండుకు, అక్కడి నుండి లండన్‌కు వెళ్ళారు. తనకు వాయులీనం నేర్పిన ఉత్తమ గురువు ఈయనేనన్న అర్థం వచ్చేలా చెక్కించిన గడియారాన్ని మెనూహిన్ ఆయనకు బహూకరించారు. వాయులీనం పట్టుకోవడమైనా తెలియని మనిషికి అంతకన్న గొప్ప బిరుదు ఏముంటుంది? ఆ తరువాత బెల్జియం రాజమాత ఎలిజబెత్ ఎనభయ్యో పడి దాటిన వయసులో ఆయన వద్ద శీర్షాసనం నేర్చుకున్నారు.

రాజమాతలకు, కళాకారులకు నేర్పడం వార్తాపత్రికలకెక్కే విషయం. ఈ దేశంలో నివసిస్తున్న మనకు అంతకన్న ముఖ్యమైనది వేరొకటి ఉన్నది. 1960 దశకం పొడవునా అయ్యంగార్ ఇంచుమించు ఏటా లండన్ వచ్చి, ఒక చిన్న బృందానికి శిక్షణ ఇచ్చారు. వారు గృహిణులు, ఉపాధ్యాయినులు, నడివయసు దాటిన సామాన్యులు. ఆయన తిరిగి వెళ్ళినప్పుడల్లా వారు ఒకరికొకరు నేర్పుకుంటూ ఉండేవారు. 1966లో ఆయన గ్రంథం 'లైట్ ఆన్ యోగా' వెలువడింది. రెండు వందల ఆసనాలను, దాదాపు ఆరు వందల ఛాయాచిత్రాలతో వివరించిన ఆ పుస్తకానికి మెనూహిన్ ముందుమాట రాశారు. ఇంగ్లీషు పరీక్ష తప్పిన ఆనాటి విద్యార్థి ఇంగ్లీషులోనే రాసిన ఆ గ్రంథం యోగానికి ప్రామాణిక గ్రంథంగా దేశదేశాలలో నిలిచింది.

ఆ దశకం చివర లండన్ నగరపు విద్యాధికార సంస్థ, ఇన్నర్ లండన్ ఎడ్యుకేషన్ అథారిటీ, తన సాయంకాలపు తరగతులలో యోగాన్ని చేర్చే విషయం పరిశీలించింది. పాఠశాలల హాళ్ళలో, కొద్దిపాటి రుసుముతో, ఎవరైనా చేరి నేర్చుకోగల తరగతులవి. ఎవరు పడితే వారు నేర్పితే ప్రమాదమని భావించిన అధికారులు అయ్యంగార్ పద్ధతిని ఆమోదించారు. ఉపాధ్యాయుల శిక్షణ ఆయన ప్రమాణాల మేరకు జరగాలని అంగీకరించారు. ఒక నియమం మాత్రం పెట్టారు. ఆసన ప్రాణాయామాలు నేర్పవచ్చును గాని యోగదర్శనాన్ని బోధించరాదు.

ఆ నియమానికి అయ్యంగార్ ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు సరైనదేనా అన్నది మన సమావేశాలలో ఈనాటికీ వాదనకు వచ్చే విషయమే. పతంజలిని వదిలేసిన యోగం యోగమెలా అవుతుందని పెద్దలు కొందరు నొచ్చుకుంటారు. వారి బాధలో న్యాయం లేకపోలేదు. నేడు బజారులో యోగం పేరిట అమ్ముడవుతున్న సరకును చూస్తే ఆ బాధ ఇంకా పెరుగుతుంది. అయినా నేను అయ్యంగార్ పక్షమే. ధ్యానం వేరే గదిలో, వేరే సమయంలో జరిగే వ్యవహారమని ఆయన ఎన్నడూ అనుకోలేదు. త్రికోణాసనంలో నిలిచినవాని మనస్సు కాలి మడమ నుండి చేతివేళ్ళ కొస దాకా ఏకాగ్రంగా వ్యాపించగలిగితే అదే క్రియాశీలమైన ధ్యానమని ఆయన నమ్మకం. మాట అడ్డు వస్తే మాటను పక్కన పెట్టి, పనిని చేయించారు. దేవుని పేరు పలకకుండా ఎదుటివారి లోపలికి చూపు మరల్చడానికి ఎంత నేర్పు కావాలో ఆలోచించండి. ఆ నియమం ఆయన బోధనను పలుచన చేయలేదు. ప్రతి సూచనా దేహానికి సూటిగా తగిలేలా చెప్పే విద్యకు అది మరింత పదును పెట్టింది.

ఇక్కడ ఒక పక్కమాట. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే ఈ దేశపు జాతీయ ఆరోగ్య సేవలో వైద్యులుగా చేరడానికి తెలుగువారు తరలివచ్చారు. రాత్రి విధులతో, చలితో, కొత్త భాషతో సతమతమవుతున్న ఆ తరానికి యోగం ఊళ్ళో తాతగారితో పాటు వదిలి వచ్చిన వస్తువు. వారు పనిచేసిన ఆసుపత్రులకు కూతవేటు దూరంలో, పాఠశాల హాళ్ళలో, ఆంగ్లేయ స్త్రీలు వారానికొక సాయంకాలం నిలబడి సంస్కృతపు ఆసన నామాలను తడబడకుండా పలుకుతూ పొరుగువారికి నేర్పుతున్నారు. ఈనాడు మన పిల్లలలో కొందరు యోగం నేర్చుకుంటున్నది ఆ స్త్రీల శిష్యులు, ప్రశిష్యుల వద్దనే. గురుపరంపర ఎక్కడి నుండి ఎక్కడికి తిరిగి మన గుమ్మంలోకి వచ్చిందో గమనిస్తే, ఆ నియమానికి ఒప్పుకున్న మనిషి మీద కోపం నిలవదు.

అయ్యంగార్‌ను సౌమ్యమూర్తిగా చిత్రించడం చరిత్రకు అన్యాయమవుతుంది. తరగతిలో ఆయన గర్జించేవారు, వీపు మీద చరిచేవారు. తన పేరులోని మొదటి మూడు అక్షరాలకు కొట్టడం, తన్నడం అన్న అర్థాలు చెప్పుకుని శిష్యులు నవ్వుకునేవారు. గురువు నుండి విద్య కన్నా ముందు కోపమే వారసత్వంగా వచ్చిందేమో. ఆ గురువులో మాత్రం వయసుతో పాటు పెద్ద మార్పు వచ్చింది. 1950లో మైసూరు యోగశాల మూతపడిన అనంతరం కృష్ణమాచార్యులు మద్రాసు చేరి, ఒక్కొక్కరికి విడివిడిగా, వారి వయసుకూ రోగానికీ తగినట్లు నేర్పసాగారు. నిద్రలేమితో ఏళ్ళ తరబడి బాధపడిన ఒక విదేశీ మహిళ, రాత్రి నిద్రపట్టిందన్న సంతోషంతో పరుగున వచ్చి, ఆ శ్రోత్రియ బ్రాహ్మణుణ్ణి వీధిలోనే కౌగిలించుకున్నదట. ఇంజనీరు ఉద్యోగంలో చేరబోతున్న కుమారుడు దేశికాచార్ ఆ దృశ్యం చూసి నివ్వెరపోయి, తండ్రి చేస్తున్న పని ఏమిటో తెలుసుకోవాలని ఉద్యోగం మానుకున్నారు. బడిలో పిల్లల చేత ఒకే క్రమం చేయించిన మైసూరు ఆచార్యుడు, నేర్చుకునేవానికి తగినదే నేర్పాలన్న సూత్రానికి వచ్చినది శాస్త్రాలు మళ్ళీ తిరగవేయడం వల్ల కాదు. నలభై యాభై ఏళ్ళ పాటు రోగులూ వృద్ధులూ ఆయన ముందు కూర్చున్నందువల్ల. 1989లో నూరేళ్ళ నిండు వయసులో ఆయన పరమపదించారు.

పుణెలో సొంత యోగశాల కట్టాలన్నది అయ్యంగార్ దంపతుల చిరకాల వాంఛ. 1973 జనవరిలో భూమిపూజ జరిగింది. మూడు రోజులు తిరగకముందే రమామణి గారు కన్నుమూశారు. ఆమె పేరిటనే ఆ సంస్థ 1975లో ప్రారంభమైంది. 1979లో, అరవై ఏళ్ళు దాటాక, ద్విచక్ర వాహన ప్రమాదాలలో వెన్ను, భుజాలు, మోకాళ్ళు దెబ్బతిని, అంతవరకు సాధించినదంతా చేజారిపోయింది. పసివానివలె ఒక్కొక్క ఆసనాన్నీ మొదటి నుండి మళ్ళీ నేర్చుకున్నారు. దానికి దాదాపు పదేళ్ళు పట్టింది. అప్పుడు ఆయనకు అక్కరకు వచ్చినవి, ఇతర రోగుల కోసం తాను తయారుచేయించిన బల్లలు, దిమ్మెలు, త్రాళ్ళే. శిష్యులకు ఇచ్చిన ఆసరా తిరిగి గురువుకే ఊతమైంది.

పెద్ద కుమార్తె గీత బాల్యంలో మూత్రపిండాల వ్యాధికి గురై, తండ్రి నేర్పిన అభ్యాసంతో నిలబడి, స్త్రీల యోగాభ్యాసానికి స్వయంగా ఒక గ్రంథం రాసి ఆచార్యురాలయ్యారు. 2018 డిసెంబరులో తండ్రి శతజయంతి ఉత్సవాల కోసం దేశదేశాల నుండి వచ్చిన సాధకులకు చివరి పాఠాలు చెప్పి, జయంతి జరిగిన రెండు రోజులకే ఆమె దేహం చాలించారు.

స్వగ్రామం మీద అయ్యంగార్‌కు మమకారం తగ్గలేదు. జబ్బులతో, ఆకలితో తాను పెరిగిన బెళ్ళూరులో ట్రస్టు స్థాపించి పాఠశాల, ఆసుపత్రి ఏర్పరిచారు. పతంజలి మహర్షికి అక్కడ ఆలయం నిర్మించారు. దర్శనం బోధించరాదన్న నియమానికి లండన్‌లో తలవంచిన మనిషే ఆ దర్శనకర్తకు గుడి కట్టించాడన్నది, పైన చెప్పిన వాదన మళ్ళీ వచ్చినప్పుడు గుర్తు చేసుకోదగిన విషయం.

2011లో, తొంభై రెండేళ్ళ వయసులో, చైనాలోని గ్వాంగ్‌జౌకు వెళ్ళి వెయ్యిమందికి పైగా సాధకులకు తరగతులు నిర్వహించారు. 2014లో పద్మవిభూషణ్ పురస్కారం లభించింది. అదే సంవత్సరం ఆగస్టు 20న పుణెలో తనువు చాలించారు. చివరి సంవత్సరాలలో పుణె యోగశాలకు వెళ్ళినవారు చూసిన దృశ్యం ఒకటి ఉన్నది. వేదిక మీద మనుమరాలు అభిజాత తరగతి నడుపుతుండేది. హాలులో ఒక పక్కన, తొంభై దాటిన తాతగారు తన బల్ల మీద వెనుకకు వాలి, తన అభ్యాసం తాను చేసుకుంటూ ఉండేవారు. ఉన్నట్టుండి ఆ మూల నుండి ఒక కేక వినిపించేది: ఎవరి మోకాలో వదులైంది, ఎవరి భుజమో కుంగింది. అభిజాత గబగబా ఆయన దగ్గరికి వెళ్ళి, ఆయన చెప్పినది విని, తిరిగి వచ్చి అందరికీ విప్పి చెప్పేది. ఆయన మళ్ళీ తన ఆసనంలోకి వెళ్ళేవారు.